ఫోన్ డ్యూటీ నర్సుకు శిక్షణ ఏది?

సంపాదకులకు,

చెన్నై ఆసుపత్రులకు నెల్లూరు, తిరుపతి, చిత్తూరు వైపు నుంచి వచ్చే తెలుగువాళ్లు ఎంతమందో మీ పాఠకులకు చెప్పక్కర్లేదు. ఆపరేషన్ అయ్యి ఇంటికి వెళ్లాక ప్రతి చిన్న అనుమానానికీ వాళ్లు మళ్లీ రైలెక్కి రాలేరు. అందుకే ఈమధ్య డిశ్చార్జి కాగితాలతో పాటు ఒక ఫోన్ నంబరు కూడా ఇస్తున్నారు. ఆ నంబరుకు చేస్తే ముందు పలికేది డాక్టరు కాదు, నర్సు. జ్వరం ఎంతుంది, కుట్ల దగ్గర చీము పట్టిందా, మందులు సరిగా వేసుకుంటున్నారా అని అడిగేది ఆమే. రేపటిదాకా ఆగొచ్చా, ఇప్పుడే దగ్గర్లోని ఆసుపత్రికి పరుగెత్తాలా అన్నది డాక్టరు దాకా వెళ్లేలోపు మొదట అంచనా వేసేదీ ఆమే. ఇంత పని ఒప్పజెప్పిన నర్సుకు ఆ పని నేర్పే పద్ధతంటూ మన దగ్గర దాదాపు లేదు. నేను ఈ నగరంలోనే నర్సింగ్ ట్యూటర్‌గా చేసి రిటైరయ్యాను. నా దగ్గర చదువుకున్న పిల్లలు కొందరు ఇప్పుడు ఈ డ్యూటీల్లో ఉన్నారు, అందుకే ఈ ఉత్తరం.

వాళ్లలో ఒకమ్మాయికి ఒక పెద్ద ఆసుపత్రిలో ఇచ్చిన ట్రైనింగ్ ఒక్క పూట. లాగిన్ ఎలా అవ్వాలి, కాల్ డాక్టరుకు ఎలా కలపాలి, పేషెంట్ నంబరు ఎక్కడ కొట్టాలి, అంతవరకే. మర్నాడు హెడ్‌సెట్ పెట్టి కూర్చోబెట్టారు. మోకాళ్ల నొప్పులున్న సీనియర్లను, ఏడో నెల దాటిన గర్భిణులను 'కూర్చుని చేసే పనే కదా' అని ఇటు పంపడం కూడా మామూలైపోయింది. పైగా ఒక్కో కాల్‌కు ఎన్ని నిమిషాలు పట్టిందో సూపర్‌వైజరు లెక్క చూస్తుంటాడట. క్రెడిట్ కార్డు అమ్మేవాళ్లకు పెట్టే లెక్క అది.

వార్డులో నర్సుకు సగం సమాచారం కళ్లు, చేతులే ఇస్తాయి. మొహం పాలిపోవడం, చెమట, ఊపిరి పీల్చే తీరు, ఒంటి వేడి. ఫోన్‌లో అవేమీ ఉండవు. పసిబిడ్డకు దగ్గు, ఆయాసం అని తల్లి ఫోన్ చేసిందనుకోండి. బిడ్డ ఏడుపు ఆపేదాకా ఆగి, చొక్కా పైకెత్తి, పొట్ట కదలడం చూస్తూ పూర్తిగా ఒక నిమిషం లెక్కపెట్టమని ఆమెకు చెప్పాలి. రెండు నెలల లోపు బిడ్డకు ఆ లెక్క 60, ఏడాది లోపు 50, ఐదేళ్ల లోపు 40 గానీ అంతకు మించి గానీ ఉంటే ఊపిరి వేగం ఎక్కువైనట్టు. ఈ అంకెలు నర్సులకు చదువులోనే వస్తాయి. కంగారులో ఉన్న మనిషి చేత, తను ఎదురుగా లేకుండా, సరిగ్గా లెక్కపెట్టించడం మాత్రం ఏ క్లాసులోనూ రాలేదు.

ఇన్సులిన్ సంగతి ఇంకా చిక్కు. మన మందుల షాపుల్లో ఒక మిల్లీలీటరుకు 40 యూనిట్లుండే రకం, 100 యూనిట్లుండే రకం రెండూ దొరుకుతాయి. మొదటిదానికి ఎర్ర మూత సిరంజి, రెండోదానికి నారింజ రంగు మూత సిరంజి. 100 రకం మందును ఎర్ర మూత సిరంజిలో 20 గీత దాకా లాగితే ఒంట్లోకి పోయేది 20 యూనిట్లు కాదు, 50. 40 రకం మందును నారింజ మూత సిరంజిలో అదే గీత దాకా లాగితే 8 మాత్రమే. 'ఇరవై యూనిట్లే వేసుకున్నానమ్మా' అని పేషెంటు నిజమే అనుకుని చెబుతాడు. సిరంజి మూత ఏ రంగు, సీసా మీద ఎంత అని రాసి ఉంది అని అడగాలని ఇవతల ఉన్న నర్సుకు తట్టాలి. అనుభవం మీద అదే వస్తుందిలే అనేవాళ్లున్నారు. ఆమెకు అనుభవం వచ్చేలోపు ఫోన్ చేసినవాళ్ల సంగతేమిటో వాళ్లే చెప్పాలి.

టెలిమెడిసిన్, అంటే ఫోన్, వీడియోల మీద దూరం నుంచి చేసే వైద్యం, కొత్త కదా, నెమ్మదిగా సర్దుకుంటుందన్న మాట కూడా చెల్లదు. చిత్తూరు జిల్లా అరగొండను అపోలో వాళ్లు టెలిమెడిసిన్‌తో చెన్నైకి కలిపింది 2000లో. కోవిడ్ మొదలవగానే 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు తెచ్చింది. ఫోన్‌లో వైద్యం చేసే డాక్టర్లు ఆన్‌లైన్ కోర్సు ఒకటి తప్పనిసరిగా పూర్తి చేయాలని అందులో రాశారు. నర్సును మాత్రం పేషెంటుకూ డాక్టరుకూ మధ్య ఉండే హెల్త్ వర్కర్‌గా చూపించి, ఆమె ఏం నేర్చుకుని ఆ సీట్లో కూర్చోవాలో చెప్పకుండా వదిలేశారు. అవే మార్గదర్శకాల ప్రకారం పేషెంటు తనంతట తాను ఫోన్ చేస్తే ఒప్పుకున్నట్టే. హెల్త్ వర్కర్ వైపు నుంచి సంప్రదింపు మొదలైతే మాత్రం స్పష్టంగా అనుమతి తీసుకోవాలి. ఫోన్ డ్యూటీలో ఉన్న నా శిష్యులను ఈ తేడా తెలుసా అని అడిగి చూశాను. తెలిసినవాళ్లు తక్కువ.

ముందే ఆలోచించి చేసిన చోట ఇలా లేదు. 2022 అక్టోబరు 10న మానసిక సమస్యలున్నవాళ్ల కోసం టెలిమానస్ అనే ప్రభుత్వ ఫోన్ సేవ మొదలుపెట్టినప్పుడు బెంగళూరులోని మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్‌ను నోడల్ కేంద్రంగా పెట్టారు. ఫోనెత్తే కౌన్సెలర్లకు శిక్షణ, వాళ్ల వెనక మెంటరింగ్ సంస్థలు అని ఏర్పాటు చేసుకున్నారు. శరీరానికి జబ్బు చేసినవాళ్లు చేసే ఫోన్లకు అంతమాత్రం జాగ్రత్త ఎందుకు అక్కర్లేదో నాకు అర్థం కాదు.

2021లో మార్చిన బీఎస్సీ నర్సింగ్ సిలబస్‌లో ఇన్ఫర్మేటిక్స్, అంటే నర్సింగ్‌లో కంప్యూటర్లు, సాంకేతికత వాడకం నేర్పే సబ్జెక్టు చేర్చారు, సంతోషం. అంతకుముందు చదివి ఇప్పుడు ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకు దానివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లకున్న దారి ఒక్కటే, రిజిస్ట్రేషన్ రెన్యువల్. ఐదేళ్లకోసారి రెన్యువల్‌కు 150 గంటల నిరంతర విద్య ఉండాలన్నది ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ పెట్టిన నియమం. ఆ గంటలు ఎలా నిండుతున్నాయో ఈ వృత్తిలో ఉన్నవాళ్లందరికీ తెలుసు. ఆదివారం ఒక హాలు, నలుగురి లెక్చర్లు, మధ్యాహ్నం భోజనం, సాయంత్రం సర్టిఫికెట్. నైట్ డ్యూటీ దిగి నేరుగా వచ్చిన పిల్లలు వెనక వరుసల్లో కునుకు తీస్తుంటారు. వాళ్లను తప్పుపట్టను. ఫీజు వాళ్ల జేబులోదే, పోయే సెలవూ వాళ్లదే.

ఆ 150 గంటల్లో కొన్నిటిని ఇలా ఫోన్ మీద చేసే నర్సింగ్‌కు కేటాయించాలని తమిళనాడు నర్సుల కౌన్సిల్‌ను కోరుతున్నాను. లెక్చర్లతో కాదు. ఒక సీనియర్ పేషెంటులా మాట్లాడితే నర్సు ఆ కాల్ తీసుకోవాలి, తర్వాత ఇద్దరూ కూర్చుని ఎక్కడ తొందరపడింది, ఏ ప్రశ్న వదిలేసింది చూసుకోవాలి. అనుమతి ఉన్న పాత కాల్ రికార్డింగులు వినిపించాలి. చెప్పిన మందు మోతాదును పేషెంటు చేతనే తిరిగి చెప్పించుకోవడం, డాక్టరుకు అర నిమిషంలో పరిస్థితి వివరించడం నోటికి అలవాటయ్యేదాకా చేయించాలి. తెలుగు పేషెంట్లు ఎక్కువున్న చోట ఇదంతా తెలుగులో కూడా జరగాలి. తెర మీద సాఫ్ట్‌వేర్ అడగాల్సిన ప్రశ్నలన్నీ చూపిస్తుంది కదా అని యాజమాన్యాలు అంటాయి. అవతలి మనిషి రెండో ప్రశ్నకే తడబడుతూ, ముద్దముద్దగా మాట్లాడుతుంటే మిగతా ప్రశ్నలు పక్కనపెట్టి అంబులెన్సు పిలిపించాల్సింది నర్సే. అప్పుడు నిమిషాల లెక్క ఎవరూ అడగకూడదు.

1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ కోసం 2023లో పార్లమెంటు చట్టం చేసింది. దాని కింద నిబంధనలు రాసేవాళ్లు ఫోన్ మీద, వీడియో మీద చేసే నర్సింగ్‌ను విడిగా గుర్తించి, దానికి కనీస శిక్షణ ఎంతో రాయాలి. అందాకా ఆసుపత్రులు తమంతట తాము చేయగలిగింది ఒకటుంది, ఈ శిక్షణ గంటలను డ్యూటీ రోస్టర్‌లో వేయడం. డిశ్చార్జి తర్వాత ఫోన్ సేవను ఇప్పుడు ప్యాకేజీల్లో చూపించి ప్రకటనలు ఇస్తున్నారు, పేషెంటు దానికి డబ్బు కడుతున్నాడు. అందులోంచి ఆ ఫోనెత్తే నర్సు శిక్షణ ఖర్చు భరించమని అడగడం అత్యాశేమీ కాదు.

ఇట్లు,
ఒక విశ్రాంత నర్సింగ్ ట్యూటర్,
పెరంబూర్, చెన్నై