రమణకు, పేగు పట్టుకారు గురించి

తిరుపతి

ఒరే రమణా,

నీ 5 మిల్లీమీటర్ల లాపరోస్కోపీ గ్రాస్పర్, అదే చిన్న రంధ్రం గుండా చేసే ఆపరేషన్‌లో లోపలి అవయవాన్ని పట్టుకునే పట్టుకారు, డ్రాయింగు చూసినా. ఆ దవడలకు అన్ని పళ్ళెందుకు పెట్టినావురా? అది పట్టుకోవాల్సింది పేగును!

లెక్క చూడు. దవడ 4 × 15, అంటే 60 చదరపు మిల్లీమీటర్లు. 6 న్యూటన్లు నొక్కితే 100 కిలోపాస్కల్. అదే బలం పళ్ళ మొనల మీదే, పదో వంతు జాగాలో ఆనితే 1000. సన్న రక్తనాళాల్లో ఒత్తిడి 5 కిలోపాస్కల్ దగ్గరే ఉంటుంది. అంటే నువ్వెంత మెత్తగా పట్టినా ఆ చోట రక్తం ఆగుతుంది. అందుకే ఎంత గట్టిగా అన్నదొక్కటే కాదు, ఎంతసేపు అన్నదీ చూడాల. పేగు పట్టేదానికి రాచెట్ తాళం (పిడి వదిలినా దవడల్ని బిగించే ఉంచే పళ్ళ కొక్కెం) వద్దు, తీసెయ్.

అట్లని నున్నగా చేసినావనుకో, జారుతుంది. జారితే సర్జన్ ఇంకా గట్టిగా పిసుకుతాడు, మళ్ళీ మొదటికే వస్తాం. డిబేకీ అనే సర్జన్ పేరుతో ఉన్న పట్టుకారు పద్ధతి పట్టు: ఒక దవడకు రెండు వరసల సన్న పళ్ళు, రెండోదానికి ఒకే వరస, అది ఆ రెంటి నడుమ కూర్చుంటుంది. అంచులన్నీ గుండ్రంగా తిప్పు.

అసలు గండం వేరే చోట ఉంది, కీలు దగ్గర. దవడలు కత్తెర మాదిరి మూసుకుంటాయి కదా, మందమైన కణజాలం పెడితే మొదలు దగ్గర నలిగిపోతుంది, కొసన గాలి ఆడుతుంటుంది. సన్న కాగితం, కార్బన్ పేపర్ కలిపి దవడల్లో పెట్టి మూయి, మచ్చ ఎక్కడ పడిందో తెలుస్తుంది. తర్వాత మెత్తని రబ్బరు షీటుతో కలిపి మళ్ళీ చూడు. మొదలు దగ్గరే నల్లగా ఉంటే అక్కడ కొంచెం సందు వదులు. పిడి బలాన్ని దవడలకు చేర్చే పుష్ రాడ్ (లోపలి కడ్డీ) దారిలో, ఆ బలం తన గుండానే పోయేట్టు ఒక స్ప్రింగు పెడితే, పిడి ఎంత పిసికినా దవడకు చేరే బలం అదుపులో ఉంటుంది. ఇది మాత్రం మానుకోవద్దు.

మటన్ కొట్టులో మేక పేగు తెచ్చి సెలైన్‌లో తడిపి, స్ప్రింగ్ కాటాతో లాగి చూడు. జారేదీ చిరిగేదీ తెలుస్తాయి. రక్తం ఆగి చచ్చే కణజాలం మాత్రం అందులో కనపడదు, జాగ్రత్త.

సెలైన్ తగిలిన స్టీలును అట్లే ఆరనీయొద్దు, ఉప్పుకు గుంటలు పడతాయి. కడగడం చివర బోరు నీళ్ళు కాకుండా డీమినరలైజ్డ్ నీళ్ళే (లవణాలు తీసేసినవి) వాడు. కీలులో రక్తం దాక్కుంటే 134 డిగ్రీల ఆటోక్లేవ్ (ఒత్తిడి ఆవిరితో క్రిములు చంపే యంత్రం) కూడా నమ్మకం కాదు, విప్పి కడిగేట్టు గీయి.

కొత్త డ్రాయింగులో కీలు దగ్గర అడ్డకోత బొమ్మ కూడా పంపు.

నీ
మురళి