‘ల్యాబ్‌లో పరీక్షించినది’ అని రాసేస్తే సరిపోతుందా?

సంపాదకులకు నమస్కారం.

రెండు వారాల కిందట ఆదివారం మీ ప్రవాసుల పేజీలో వచ్చిన గంజాయి వేప్ పెన్నుల (గంజాయి నూనెని వేడి చేసి ఆవిరి పీల్చే పెన్నులాంటి పరికరాల) వ్యాసం చదివిన దగ్గర్నుంచీ రాద్దామా వద్దా అని తటపటాయిస్తూనే ఉన్నాను. ఈ సంగతి మీద నోరు విప్పితే మనవాళ్ళలో ఎన్ని మాటలు పడాలో తెలిసే ఇన్నాళ్ళూ ఆగాను. కానీ మొన్న శనివారం ఒక గృహప్రవేశంలో ఇద్దరు కుర్రాళ్ళు మీ వ్యాసాన్నే ఫోన్‌లో పెట్టుకుని "లైసెన్స్ ఉన్న షాపులో కొంటే చాలట, అంతా టెస్ట్ చేసిన సరుకేనట" అనుకోవడం నా చెవిన పడింది. ఇక ఊరుకోబుద్ధి కాలేదు.

మీరు రాసినది అబద్ధం అనను. కాలిఫోర్నియాలో 2016లో జనం ఓటేసి గంజాయిని చట్టబద్ధం చేసే ప్రాప్ 64 తెచ్చుకున్నారు, 2018 జనవరి 1 నుంచి 21 ఏళ్ళు నిండినవాళ్ళకు షాపుల్లో అమ్ముతున్నారు. లైసెన్స్ లేని చోట కొనొద్దన్న మీ మాట కూడా నూటికి నూరుపాళ్ళు నిజం. 2019లో వేప్‌ల వల్ల ఊపిరితిత్తులు దెబ్బతిని జనం ఆసుపత్రుల పాలైనప్పుడు, 2020 ఫిబ్రవరి నాటికి సీడీసీ (అమెరికా ప్రజారోగ్య సంస్థ) లెక్కలో 2,807 కేసులు, 68 చావులు తేలాయి. వాటిలో ఎక్కువ భాగం దొంగచాటు సరుకుతో, అందులో కలిపిన విటమిన్ ఇ ఎసిటేట్‌తో ముడిపడినవే. కాబట్టి షాపులో కొనమనడం మంచి సలహానే. నా బాధల్లా ‘ల్యాబ్‌లో పరీక్షించినది’ అన్న ఒక్క మాటని మీరు ఐఎస్ఐ ముద్రలా వాడేసి, ఆ పరీక్ష ఎవరు చేస్తారు, ఎవరి డబ్బుతో చేస్తారు, కాగితం ఎలా చూడాలి అన్నది ఒక్క ముక్క కూడా చెప్పకపోవడం.

నా సంగతే చెబుతాను. నడుం నొప్పితో రాత్రిళ్ళు నిద్ర పట్టక, డాక్టర్‌తో మాట్లాడాకే, ఇక్కడ ఒక డిస్పెన్సరీలో, అంటే గంజాయి అమ్మే లైసెన్స్ షాపులో, ఒక గ్రాము డిస్పోజబుల్ పెన్ కొన్నాను. పన్నులతో కలిపి యాభై డాలర్లకు కొంచెం తక్కువైంది. కౌంటర్ దగ్గర సరుకు అమ్మే కుర్రాణ్ణి సీఓఏ, అంటే ల్యాబ్ రిపోర్టు చూపించమంటే "బాక్స్ మీద క్యూఆర్ కోడ్ ఉంది కదండీ" అన్నాడు. బయటికొచ్చి కారులో లైటు వేసుకుని స్కాన్ చేశాను. కంపెనీ హోమ్ పేజీ తెరుచుకుంది, సముద్రం ఒడ్డున నవ్వుతున్న అమ్మాయిల ఫొటోలు. వెతగ్గా వెతగ్గా ఎక్కడో అడుగున ల్యాబ్ రిపోర్టుల లింకు దొరికింది. తీరా చూస్తే ఆ రిపోర్టు మీద బ్యాచ్ నంబర్ వేరు, నా డబ్బా అడుగున ఉన్నది వేరు. ఆ అంకెలు చీమ తలకాయంత ఉన్నాయి, ఫోన్‌తో ఫొటో తీసి పెద్దది చేసుకుంటే గానీ చదవలేకపోయాను. వెనక్కి వెళ్ళి అడిగితే "రుచి ఒకటే కదా, రిపోర్టు కూడా దాదాపు అదే ఉంటుంది" అన్నారు. అలా ఎలా ఉంటుంది? నిరుడు పండిన బియ్యం పరీక్షించి ఈ ఏటి బస్తా మీద ముద్ర కొడితే ఒప్పుకుంటామా? డబ్బు తిరిగివ్వడం మాత్రం కుదరదన్నారు.

బ్యాచ్ నంబర్ కోసం ఇంత పట్టుదల ఎందుకంటారేమో. పెన్నులో ఉండే నూనె ఆకు, పువ్వు నుంచి తీసేది. సాల్వెంట్, అంటే నూనె తీయడానికి వాడే ద్రావకం, మత్తునిచ్చే టీహెచ్‌సీని ఎలా లాగుతుందో మొక్క మీద కొట్టిన పురుగుమందునీ అలాగే లాగేస్తుంది. నూనె చిక్కబడే కొద్దీ మందూ చిక్కబడుతుంది. పైగా దీన్ని తినం, వేడి చేసి ఆవిరిని నేరుగా ఊపిరితిత్తుల్లోకి పీలుస్తాం. మైక్లోబ్యుటానిల్ అనే శిలీంద్రనాశిని వేడి చేస్తే హైడ్రోజన్ సయనైడ్ విడుదలవుతుంది. మా నాన్నగారు మిరప వేసేవారు, మందు కొట్టి వచ్చిన రోజు బావి దగ్గరే స్నానం చేసి, బట్టలు అక్కడే విడిచి గానీ మమ్మల్ని దగ్గరికి రానిచ్చేవారు కాదు. ఆ ఇంట్లో పుట్టిన నేను పురుగుమందు మాటెత్తితే చాదస్తం అంటే ఊరుకోలేను. పరికరం సంగతి సరేసరి. నూనెని వేడి చేసే కాయిల్ నుంచి, టంకం నుంచి సీసం లాంటి లోహాలు నూనెలోకి దిగే అవకాశం ఉంటుంది. నెలల తరబడి అరలో పడి ఉన్న పెన్ను, ల్యాబ్‌కి వెళ్ళిన రోజున ఉన్నట్టే ఉంటుందని ఎవరు చెప్పగలరు?

రూల్సు లేవా అంటే పుస్తకం నిండా ఉన్నాయి. కాలిఫోర్నియాలో 66 పురుగుమందులకు పరీక్ష చేయాలి, దానితో పాటు భార లోహాలు, సాల్వెంట్ అవశేషాలు, బూజు విషాలు, సూక్ష్మజీవులు చూడాలి, లేబుల్ మీద రాసిన టీహెచ్‌సీకీ అసలు ఉన్నదానికీ తేడా పది శాతంలోపే ఉండాలి. వినడానికి ఎంత బాగుందో! కానీ ఆ ల్యాబ్‌ని ఎంచుకునేదీ, ఫీజు కట్టేదీ సరుకు కదిలించే వ్యాపారులే. కఠినంగా ఉన్న ల్యాబ్‌ని వదిలి, చూసీచూడనట్టు పోయే ల్యాబ్‌కి గిరాకీ వెళ్ళిపోతుందని ఈ వ్యాపారంలో ఉన్నవాళ్ళే ఏళ్ళుగా మొత్తుకుంటున్నారు. 2024 జూన్‌లో లాస్ ఏంజెలెస్ టైమ్స్, గంజాయి వ్యాపార వార్తలు రాసే వీడ్‌వీక్ కలిసి షాపుల్లో 42 లీగల్ ఉత్పత్తులు కొని ప్రైవేటు ల్యాబ్‌లలో పరీక్ష చేయిస్తే, 25 వాటిలో పురుగుమందులు రాష్ట్రం అనుమతించే స్థాయికన్నానో, పొగాకుకి ఫెడరల్ ప్రభుత్వం పెట్టిన హద్దులకన్నానో ఎక్కువున్నాయని తేలింది. సగానికి పైగా! అవన్నీ లైసెన్స్ ఉన్న సరుకులే కదా. ఇంత పెద్ద విషయం మీ వ్యాసంలో ఒక్క వాక్యమైనా లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

ఈ పని రాష్ట్రం చేయాలి. అందుకోసమే మూడు శాఖలని కలిపి 2021లో క్యానబిస్ (గంజాయి) కంట్రోల్ శాఖ అని ఒకటి పెట్టారు. సరుకులో లోపం ఒక పత్రిక సొంత డబ్బు పెట్టి పట్టుకోగలిగినప్పుడు, మన పన్నులతో నడిచే శాఖ ముందే ఎందుకు పట్టుకోలేకపోయింది? పన్ను దగ్గర మాత్రం ఎంత చురుకో చూడండి. ఎక్సైజ్ 2025 జూలైలో 15 నుంచి 19 శాతానికి పెంచారు, గోల చేస్తే అక్టోబర్ నుంచి మళ్ళీ 15కి దించారు. ఆ చురుకులో పదో వంతు రిపోర్టుల మీద పెట్టి, బ్యాచ్ నంబర్ కొడితే సీఓఏ కనబడేలా రాష్ట్రమే ఒక సైట్ నడిపితే నాలాంటి వాళ్ళు పార్కింగ్ లాట్‌లో తంటాలు పడక్కర్లేదు.

ఇంకోటి, దీనికి నాకు మరీ కోపం వచ్చింది. మీ పాఠకుల్లో హెచ్1బీ, గ్రీన్‌కార్డు వాళ్ళు ఎంతమంది ఉన్నారో మీకు తెలుసు. ‘లీగల్’ అని అంత పెద్ద శీర్షిక పెట్టినవాళ్ళు, ఫెడరల్ చట్టంలో ఈ వాడకం ఇంకా నేరమేనని, రాష్ట్రంలో చెల్లినా పౌరసత్వం దరఖాస్తుకి అడ్డం రావొచ్చని 2019 ఏప్రిల్‌లో ఇమిగ్రేషన్ వాళ్ళే రాతపూర్వకంగా చెప్పారని ఒక చిన్న బాక్స్ అయినా కట్టొద్దా? ఆ పెన్ను హ్యాండ్‌బ్యాగులో మర్చిపోయి ఇండియా వెళ్తే అక్కడ గంజాయికి ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల) చట్టం, వేప్‌కి 2019 నిషేధ చట్టం రెండూ ఉన్నాయి. ఆ గృహప్రవేశంలో కుర్రాళ్ళ మొహాలు గుర్తొస్తే నాకు టెన్షనే.

దయచేసి ఆ వ్యాసానికి కొనసాగింపు వేయండి. షాపు కిటికీలో అంటించిన లైసెన్స్ క్యూఆర్ కోడ్‌ని ఫోన్‌తో చూడమనండి, పెన్ మీద ఆకు, ఆశ్చర్యార్థకం, కింద సీఏ అక్షరాలున్న త్రికోణం గుర్తు ఉందో లేదో చూడమనండి, డబ్బా మీది బ్యాచ్ నంబరూ రిపోర్టు మీది నంబరూ ఒకటి కాకపోతే కొనకుండా వచ్చేయమనండి. రిపోర్టులో టీహెచ్‌సీ అంకె ఒక్కటే కాక పురుగుమందులు, లోహాలు ఉన్న పేజీలు కూడా తిప్పి చూడమనండి.

నా పెన్ను ఇంకా అల్మారాలోనే ఉంది, నాలుగు సార్లు కూడా పీల్చలేదు. లోపల లిథియం బ్యాటరీ ఉంది కాబట్టి చెత్తబుట్టలో వేయకూడదు, ప్రమాదకర వ్యర్థాల కేంద్రానికే ఇవ్వాలి. వచ్చే శనివారం తీసుకెళ్ళి ఇచ్చేస్తాను, రిపోర్టు లేని ఆ డబ్బా మాత్రం దాచుకుంటున్నాను. మీ విలేకరి ఎవరైనా చూస్తానంటే చూపిస్తాను.

— మీ పాఠకుడు,
ఫ్రీమాంట్, కాలిఫోర్నియా