శనివారం అభ్యర్థుల మీటింగ్: మన రెండు ప్రశ్నలు

అందరికీ నమస్కారం 🙏
శనివారం మధ్యాహ్నం 3కి లైబ్రరీ హాల్‌కి బ్రిటన్ పార్లమెంటు ఎన్నికల్లో మన ఏరియా నుంచి పోటీ చేస్తున్న అభ్యర్థులు వస్తున్నారు. పార్కింగ్ గురించి అడిగేవాళ్లు ఎలాగూ ఉంటారు, మనం ఇవి అడుగుదాం:

పేద దేశాలకు బ్రిటన్ చేసే సాయం జాతీయాదాయంలో 0.7 శాతం ఉండాలని 2015లో చట్టం చేశారు. 2021లో 0.5కి కోసేశారు. మళ్లీ ఎప్పుడు పెంచుతారు?

ఘనాలో కోకో రైతుకి, అస్సాంలో తేయాకు కోసే ఆమెకి గిట్టుబాటయ్యేలా ఇక్కడి సూపర్‌మార్కెట్లను ఎలా అడుగుతారు?

"చూస్తాం" అంటే వదలొద్దు!

ఇండియన్ పాస్‌పోర్టు ఉన్నా బ్రిటన్‌లో మనకు ఓటు ఉంది. ఓటరు నమోదుకు గడువు 2024 జూన్ 18 రాత్రి 11:59. జూలై 4న పోలింగ్‌కి ఆ పాస్‌పోర్టే ఐడీగా తీసుకెళ్లొచ్చు.

వచ్చేవాళ్లు శుక్రవారం లోపు ఇక్కడ 👍 పెట్టండి. ఫ్లాస్కులో టీ నాది. ఫెయిర్‌ట్రేడ్ (రైతుకి న్యాయమైన ధర దక్కేలా చూసే ముద్ర) పొడే, కంగారు పడకండి 😀