కల్చరల్ కమిటీ వార్షిక నివేదిక: నాలుగు సినిమాలు, సగం నాటకం

సభ్యులందరికీ నమస్కారం. ఉగాది, వినాయక చవితి, బతుకమ్మ ఎప్పట్లాగే బాగా జరిగాయి, ఫోటోలు అందరూ చూసేశారు కాబట్టి మళ్ళీ చెప్పను. నెలనెలా ఒక సినిమా వేద్దామనుకున్నాం, వేసింది నాలుగే, అందులో జనం ఇంకా మాట్లాడుకునేది ఒక్కటే, 'షేక్‌స్పియర్ ఇన్ లవ్' (1998).

జాన్ మాడెన్ డైరెక్షన్. 13 ఆస్కార్ నామినేషన్లొస్తే 7 గెలిచింది, 'సేవింగ్ ప్రైవేట్ ర్యాన్' ఉండగా దీనికి బెస్ట్ పిక్చర్ ఏంటని 1999లో మొదలైన గొడవ మన సెల్లార్‌లో టీ తాగేటప్పుడు కూడా తెగలేదు. కథ 1593 లండన్‌లో. కుర్ర షేక్‌స్పియర్‌కి కలం కదలదు, చేతిలో ఉన్నదల్లా రోమియో, ఎథెల్ అని ఒక పైరేట్ కూతురు, అంతే, అయినా నాటకం రాసిస్తానని మాటిచ్చేసి తిరుగుతుంటాడు. అప్పుడక్కడ ఆడవాళ్ళు స్టేజీ ఎక్కకూడదు కాబట్టి వయోలా మగవేషంలో ఆడిషన్‌కొస్తుంది, ఆ పిల్లని ప్రేమించాక ఎథెల్ కాస్తా జూలియట్ అయిపోతుంది. స్థానం నరసింహారావుగారి సత్యభామ గురించి విన్న పెద్దాళ్ళకి ఇక్కడ భలే హుషారొచ్చింది, మనకి మగాళ్ళు ఆడవేషం, వీళ్ళకి ఆడపిల్ల మగవేషమా అని ఒకటే నవ్వులు.

అసలు రోమియో జూలియట్ కథ షేక్‌స్పియర్ ప్రేమలోంచి పుట్టింది కాదు, 1562 నాటి ఆర్థర్ బ్రూక్ కావ్యంలోంచి తీసుకున్నాడు అని మన రిటైర్డ్ లెక్చరర్‌గారు సినిమా మధ్యలోనే చెప్పి మూడ్ పాడుచేశారు. రోజ్ థియేటర్, దాని ఓనర్ హెన్స్‌లో, ప్లేగుకి థియేటర్లు మూతపడటం, ఇవి మాత్రం నిజమేనట.

నాకైతే వడ్డీవ్యాపారి ఫెన్నిమన్ నచ్చాడు. మొదట్లోనే బాకీ కోసం హెన్స్‌లో కాళ్ళు నిప్పులమీద పెట్టిస్తాడు, అలాంటివాడు రిహార్సల్స్ చూసి చూసి చివరికి తనే మందులవాడి వేషం కట్టేస్తాడు. ఇదెందుకంటే, ప్రొజెక్టర్ అద్దె దండగని మూడు మీటింగుల్లో గొడవపడ్డ మన కోశాధికారిగారే సినిమా అవ్వగానే మనమూ ఒక నాటకం వేద్దాం, నాకూ చిన్న వేషం ఉంచండి అన్నారు.

రాసే పని నా నెత్తిన పడింది. సంక్రాంతికన్నాం, ఉగాదికి మార్చాం. ఇప్పటికి టైటిల్ రెండుసార్లు మారింది, మొదటి రంగం అయింది. కోశాధికారిగారిది పోస్ట్‌మ్యాన్ వేషం, ఉన్న రెండు డైలాగులూ నాలుగు చేస్తే తెరల ఖర్చు సాంక్షన్ చేస్తానంటున్నారు. చేయాలా వద్దా అన్నది సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చండి.