బలపరీక్షను తప్పించుకున్నవాడు వీరుడెలా అయ్యాడు?

సంపాదకుడు గారికి,

కెనడాలో ఎన్నికల్లో ఓడినవాళ్లు దొడ్డిదారిన గద్దెనెక్కబోతే గవర్నర్ జనరల్ అడ్డుకున్నారని ఈ నెల మొదటి వారంలో మీ విదేశీ వార్తల పేజీలో వచ్చింది. మా అమ్మాయి దగ్గరికి మిసిసాగా వచ్చి మూడు నెలలైంది. బయట మంచు, ఇంట్లో టీవీ. కాబట్టి ఈ తతంగమంతా మొదటి నుంచీ చూసినవాణ్ణి. మీరు వేసింది వార్త కాదు, ప్రధాని స్టీఫెన్ హార్పర్ గారి ప్రచార కరపత్రం. అప్పుడే రాద్దామనుకుని, పోనీలే అని ఊరుకున్నాను. మొన్న సోమవారం ఆయన ఒక్క రోజులో 18 మందిని ఎగువ సభ అయిన సెనేట్‌లో కూర్చోబెట్టాక ఇక ఊరుకోవడం నావల్ల కాలేదు.

ముందు లెక్క చూడండి. దిగువ సభలో 308 సీట్లు. 2008 అక్టోబర్ 14న హార్పర్ కన్సర్వేటివ్ పార్టీకి వచ్చినవి 143. అంటే గెలిచారు గానీ మెజారిటీ లేదు. ప్రతిపక్షంలో లిబరల్స్‌కి 77, ఎన్‌డీపీకి (న్యూ డెమోక్రటిక్ పార్టీ) 37, క్యుబెక్ రాష్ట్రం విడిపోవాలనే బ్లాక్ పార్టీకి 49. ఈ మూడూ కలిస్తే 163. ఇది కుట్ర కాదండీ, కూడిక.

అసలు గొడవ ఎందుకొచ్చిందో మీ వార్తలో ఒక్క ముక్క లేదు. ప్రపంచమంతా ఆర్థికంగా కూలబడుతుంటే నవంబర్ 27న ఆర్థిక మంత్రి ఫ్లాహర్టీ ఒక ప్రకటన చదివారు. ఉద్దీపన ప్యాకేజీ లేదు. పార్టీలకు ఓటుకి ఏడాదికి 1.95 డాలర్ల చొప్పున ఇచ్చే ప్రభుత్వ నిధి మాత్రం రద్దు. ప్రభుత్వోద్యోగుల సమ్మె హక్కు 2011 దాకా బంద్. ఎదుటివాడి కంచం లాగేసి, పైగా వాడు అరుస్తున్నాడని ఫిర్యాదు! డిసెంబర్ 1న లిబరల్ నాయకుడు డియాన్, ఎన్‌డీపీ నాయకుడు లేటన్ సంకీర్ణ ఒప్పందం మీద సంతకాలు పెట్టారు. పద్దెనిమిది నెలలు పడగొట్టబోమని బ్లాక్ నాయకుడు డుసెప్ మాటిచ్చారు.

అక్కణ్ణుంచి మొదలయ్యాయి హార్పర్ వర్గం అబద్ధాలు. ప్రధానిని జనం నేరుగా ఎన్నుకున్నట్టు, ఆయన్ని దించాలంటే మళ్లీ ఎన్నికలే దారి అన్నట్టు ఊదరగొట్టారు. మా అమ్మాయి ఆఫీసులో చదువుకున్నవాళ్లు కూడా అదే పాట. బ్యాలెట్ మీద హార్పర్ పేరు చూసింది కాల్గరీ సౌత్‌వెస్ట్ ఓటర్లు మాత్రమే. మిగతా దేశం ఎన్నుకున్నది ఎంపీలను. సభ విశ్వాసం ఎవరికుంటే వాళ్లదే ప్రభుత్వం. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకు చెప్పిన పాఠమిది, ఇక్కడి ప్రధానికి తెలియదా? తెలుసు. 2004 సెప్టెంబర్‌లో అప్పటి ప్రధాని పాల్ మార్టిన్ మైనారిటీ ప్రభుత్వం నడుస్తున్నప్పుడు ఇదే హార్పర్, ఇదే లేటన్, ఇదే డుసెప్ కలిసి అప్పటి గవర్నర్ జనరల్‌కి లేఖ రాశారు. మార్టిన్ సభను రద్దు చేయమంటే, ప్రతిపక్ష నాయకులను కూడా సంప్రదించి అన్ని మార్గాలూ చూడమని! అప్పుడు డుసెప్ పక్కన సంతకం పెట్టిన చెయ్యే ఇప్పుడు ఆయన్ని దేశద్రోహిగా చూపిస్తోంది. టీవీ ప్రసంగంలో ఇంగ్లీషులో 'వేర్పాటువాదులు' అన్న మనిషి, అదే ప్రసంగం ఫ్రెంచిలో చదువుతూ 'సార్వభౌమవాదులు' అని నాజూగ్గా సర్దుకున్నారు. సంతకాల వేదిక మీద కెనడా జెండాయే లేదని పార్లమెంటులోనే అన్నారు. జెండాలున్నాయి, అందరం చూశాం.

ప్రతిపక్షం పత్తిత్తు అని నేననడం లేదు. ఎన్‌డీపీతో పొత్తు ఉండదని ఎన్నికలప్పుడు చెప్పింది డియానే. జాతినుద్దేశించి ఆయన మాట్లాడిన వీడియో టీవీలకు ఆలస్యంగా చేరింది, చేరింది కూడా మసకమసగ్గా. పెళ్లి వీడియోలు ఇంతకంటే బాగుంటాయని మా అల్లుడు నవ్వాడు. కానీ చేతకానితనం వేరు, రాజ్యాంగాన్ని తిరగేసి చెప్పడం వేరు.

డిసెంబర్ 8న సభలో అవిశ్వాస ఓటింగ్ జరగాలి. 4న హార్పర్ గవర్నర్ జనరల్ నివాసమైన రిడో హాల్‌కి వెళ్లి, గవర్నర్ జనరల్ మిషేల్ జాన్‌తో రెండు గంటలకు పైగా కూర్చుని, జనవరి 26 దాకా పార్లమెంటుకు తాళం వేయించుకుని బయటికొచ్చారు. ఓటింగ్‌లో ఓడని ప్రధాని సలహాను ఆమె కాదనాలా వద్దా అన్నది పెద్దల చర్చ, 1926లో ప్రధాని సలహాను కాదన్న గవర్నర్ జనరల్ బింగ్ గారి నాటి నుంచీ నడుస్తూనే ఉంది. నా కోపం ఆమె మీద కాదు, ఆ సలహా ఇచ్చినవాడి మీద.

ఇంత దూరం వెళ్లడమెందుకు, 1984 ఆగస్టు మీ పత్రికకు గుర్తు లేదా? మెజారిటీ ఉన్న ఎన్టీఆర్‌ను గవర్నర్ రామ్‌లాల్ గారు తీసేసి, భాస్కరరావుకు బలం కూడగట్టుకోమని నెల రోజులు గడువిస్తే తెలుగునాడంతా రోడ్డెక్కింది. బలం ఎవరిదో సభలో తేలాలి తప్ప గడువుల్లో కాదని అప్పుడు మనమే కదా అరిచాం? ఇక్కడ ఈయనకు దొరికింది నెల కాదు, 53 రోజులు. జూలైలో విశ్వాస పరీక్షనాడు మన లోక్‌సభలో నోట్ల కట్టలు ఎగిరాయి, సిగ్గుపడ్డాం, నిజమే. అయినా మన్మోహన్ సింగ్ గారు సభకు తాళం వేయించుకోలేదు, ఓటింగ్‌కి నిలబడ్డారు.

ఇక ఆ 18 మంది. ఎన్నుకోని సెనేటర్లంటే గిట్టదని ఏళ్లతరబడి చెప్పిన మనిషి, సభ మూసి ఉన్నప్పుడు ఒకేసారి అంతమందిని నింపారు. అందులో మైక్ డఫీ, పమేలా వాలిన్ అనే టీవీ జర్నలిస్టులూ ఉన్నారు. 2009 అక్టోబర్ 19 ఎన్నికల తేదీ అని చట్టం చేసిందీ ఈయనే, ఏడాది ముందే ఎన్నికలు పెట్టిందీ ఈయనే. లోటు బడ్జెట్ ప్రసక్తే లేదన్నదీ, ఇప్పుడు తప్పదంటున్నదీ ఈయనే.

ఒకప్పుడు మీ పత్రికలో విదేశీ వార్తలకు పేజీన్నర ఉండేది, పక్కన చిన్న వివరణ ఉండేది. ఇప్పుడు ఏజెన్సీ కాపీని కింద నుంచి కత్తిరించి, మిగిలిన చోట బంగారం దుకాణం ప్రకటన. మా కాలేజీలో సివిక్స్ సెక్షన్ ఎత్తేశారని విన్నాను, మీ డెస్క్‌లో కూడా ఎత్తేసినట్టున్నారు. దిద్దుబాటు వేయండి. మొదటి పేజీ అక్కర్లేదు, తప్పు వేసిన పేజీలోనే, 143 పక్కన 163 కనబడేలా వేస్తే చాలు.

ఇట్లు,
రిటైర్డ్ సివిక్స్ లెక్చరర్,
ఏలూరు (ప్రస్తుతం మిసిసాగా),
25 డిసెంబర్ 2008