ఆత్మహత్య వార్తలు రాసే తీరు మారాలి

సంపాదకులకు నమస్కారం.

‘కడుపునొప్పి తాళలేక యువతి ఆత్మహత్య’. జిల్లా పేజీల్లో ఇలాంటి నాలుగు లైన్ల వార్త తరచూ కనబడుతుంది. నొప్పి నిజమే కావచ్చు. కానీ చాలాసార్లు ఆ కారణం పేపర్‌కెక్కే దారి వేరు. మనిషి పోయిన ఇంటికి పోలీసులు పంచనామాకు వస్తారు. కేసు ఎవరి మెడకు చుట్టుకుంటుందోనన్న భయం, పరువు, ఇంట్లో పెళ్లి కావలసిన మరో పిల్ల ఉందన్న దిగులు కలిసి, ఎవరినీ తప్పుపట్టని కారణం ఒకటి చెప్పిస్తాయి. అదే ఫిర్యాదులోకి ఎక్కుతుంది. విలేకరికి స్టేషన్‌లో దొరికేదీ అదే. 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారని చెప్పిన జాతీయ నేర గణాంకాల సంస్థ కూడా కారణాల పట్టికను పోలీసు రికార్డుల నుంచే తయారుచేస్తుంది. డిప్రెషన్, మద్యం, అప్పు, ఇంట్లో హింస ఒకదానిమీద ఒకటి పేరుకుని నెలల తరబడి నలిపేసిన బతుకు, పట్టికలో ఒక గడికి, పేపర్లో ఒక హెడ్డింగ్‌కి కుదించుకుపోతుంది.

నష్టం అక్కడితో ఆగదు. అదే నొప్పితో, అవే అప్పులతో, అవే మార్కులతో ఉన్న మరొకరు ఆ వార్త చదువుతారు. ‘ఫెయిలైనందుకు’ అని రాస్తే, ఫెయిలైతే చేసేది ఇదేనన్నట్టు వినబడుతుంది. ఇలాంటి వార్తల తర్వాత అనుకరణ మరణాలు పెరుగుతాయని 1970ల నుంచే పరిశోధనలు చెబుతున్నాయి. వియన్నాలో మెట్రో రైలు ఆత్మహత్యలను పత్రికలు పెద్దయెత్తున రాస్తున్న రోజుల్లో, 1987లో, నిపుణులు విలేకరులకు మార్గదర్శకాలు ఇచ్చారు. పత్రికలు వాటిని పాటించాక ఆ మరణాలు బాగా తగ్గిపోయాయి.

మన ప్రెస్ కౌన్సిల్ కూడా 2019లో ఇవే చెప్పింది. వార్తను ప్రముఖంగా వేయకూడదు, పదేపదే రాయకూడదు. ఎలా చనిపోయారో, ఎక్కడో వివరించకూడదు. ఫొటోలు, సంచలన శీర్షికలు వద్దు. అయినా పురుగుమందు పేరుతో సహా రాయడం, చివరి ఉత్తరాన్ని ఫొటో తీసి వేయడం ఆగలేదు. ‘మరణంలోనూ వీడని జంట’ లాంటి శీర్షికలు మరీ ప్రమాదం. చావుకి గొప్పతనం అంటగడతాయి. రైతుల మరణాలను దాచమని నేను అడగడం లేదు. అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, పంట బీమా ఎందుకు అందలేదు అన్నవి మొదటి పేజీలోనే రాయండి. వాటికి మందు పేరుతో పనిలేదు.

ఇంకో సంగతి. ప్రయత్నం చేసి బతికినవారి మీద కేసు పెడతారని కుటుంబాలు ఇప్పటికీ భయపడుతున్నాయి. ఆ భయంతో ఆసుపత్రికి ఆలస్యంగా తీసుకెళ్తారు, డాక్టరుకు అబద్ధం చెబుతారు. మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం, 2017లోని 115వ సెక్షన్ ప్రకారం అలాంటివారు తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి, శిక్షించకూడదు. చికిత్స, పునరావాసం కల్పించాల్సిన బాధ్యత ప్రభుత్వానిది. ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన, పాత శిక్షాస్మృతిలోని 309వ సెక్షన్ 2024 జులై 1 నుంచి లేదు. కొత్త చట్టంలో, ప్రభుత్వోద్యోగిని తన విధి చేయనివ్వకుండా ఒత్తిడి తేవడానికి చేసే ఆత్మహత్యాయత్నమే నేరం. ఈ మాట ఎంతమందికి తెలుసు? చెప్పగలిగేది మీ పత్రికే.

ప్రాణం తీసుకోవాలన్న ఉధృతి చాలామందిలో కొద్ది సేపే, నిమిషాలో గంటలో ఉంటుంది. ఆ సమయంలో పక్కన మనిషి ఉండాలి, పురుగుమందు డబ్బా తాళం వేసిన చోట ఉండాలి. ‘చనిపోవాలనిపిస్తోందా?’ అని సూటిగా అడిగితే లేని ఆలోచన పుట్టదు. లోపల దాచుకున్నది బయటపడుతుంది. ఇలాంటి దశ దాటి బతుకుతున్నవారి కథలు చదివినప్పుడు ఆలోచనలు తగ్గుతాయనీ పరిశోధనలున్నాయి. వాటిని వేయండి.

ప్రతి ఆత్మహత్య వార్త కింద ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ ‘టెలి మానస్’ నంబరు 14416 ఇవ్వండి. నంబరు ఒక్కటే చాలదు: ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు, ముందు కౌన్సిలర్ వింటారు, అవసరమైతే సైకియాట్రిస్టుకు కలుపుతారు అని కూడా రాయండి. ఇంటర్ ఫలితాల రోజు ర్యాంకర్ల ఫొటోల పక్కనే సప్లిమెంటరీ ఫీజు గడువు, రీకౌంటింగ్‌కి దరఖాస్తు చేసే విధానం, ఈ నంబరు ఒకే బాక్సులో, అదే సైజు అక్షరాల్లో వేయాలని కోరుతున్నాను.

– ఒక పాఠకురాలు