పవర్ సీటు పని, యాభై రోజులు, నా మొండితనం

అన్నలకు, సార్లకు నమస్తే. నల్లగొండ దేవరకొండ రోడ్డులోని మన షెడ్డులో ఒక తెల్ల కారు డ్రైవర్ సీటు లేకుండా 50 రోజులు నిలబడి ఉంది. మీలో చాలామంది చూసే ఉంటారు. కొందరు నన్నే అడిగారు, కొందరు టీ కొట్టు దగ్గర మాట్లాడుకున్నారు. "గింత సీటు బిగించనీకి రెండు నెలలా?" అన్న మాట నా చెవిన కూడా పడింది. ఇరవై రెండేళ్లుగా ఇదే పని చేస్తున్నవాణ్ణి, కొంచెం గుచ్చుకుంది. అందుకే జరిగింది జరిగినట్టు రాస్తున్నా.

కారు మిర్యాలగూడ రైస్ మిల్లు సారుది, 2011 మోడల్. డ్రైవర్ సీటు పవర్ సీటు, అంటే స్విచ్చు నొక్కితే మోటారుతో ముందుకు వెనక్కి జరిగేది. బ్రేకు కొడితే సీటు ముందుకు టక్ మంటుంది, ఎక్సలేటర్ తొక్కితే వెనక్కి టక్. మొదటి తప్పు నాదే. ఉగాదికి ముందు వచ్చినప్పుడు ఫ్లోరులో సీటు కింద ఉండే నాలుగు బోల్టులు చూశాను. వెనక ఒకటి లూజుగా దొరికింది. అదే జబ్బు అనుకుని బిగించి, 1,200 తీసుకుని పంపించాను. ఇరవై రోజులకు బండి మళ్లీ వచ్చింది. ఆ 1,200 సారుకు తిరిగి ఇచ్చేశాను.

రెండోసారి సీటు మొత్తం దించాం. పక్కన ఎయిర్‌బ్యాగ్ ఉన్న సీటు అది. బ్యాటరీ నెగటివ్ తీసి, పది నిమిషాలు ఆగి, అప్పుడు సీటు కింద ఎయిర్‌బ్యాగ్ వైరు పసుపు కనెక్టర్ ఊడదీయాలి. ఇంటి దగ్గర సొంతంగా సీటు దించే అలవాటున్నవాళ్లు ఇది మర్చిపోవద్దు.

మామూలు సీటుకైతే కింద పళ్ల తాళం ఉంటుంది, లివర్ వదిలితే అది పట్టేసుకుంటుంది. ఈ పవర్ సీటుకు అది లేదు. మోటారు తిప్పే పొడుగు స్క్రూ రాడ్డు, దాని మీద నడిచే నట్టు, ఇవే సీటును ఆపేవి. నట్టు మరలు ఎంత అరిగితే సీటు అంత ఆడుతుంది. బండి ఇన్నేళ్లూ మిల్లు ఆవరణలోనే ఉండటంతో రెయిళ్లలోకి, అంటే సీటు జరిగే పట్టాల్లోకి, ఊక దుమ్ము పోయి, గ్రీజుతో కలిసి సానపెట్టే ముద్దలా తయారైంది. అది ఒక పక్క నట్టును సగం తినేసింది.

మాకు నట్టు విడిగా దొరకలేదు, రెయిల్ సెట్టు మొత్తం కొనాల్సిందే. పదకొండేళ్లుగా నేను పాత పార్టులు తెప్పించుకునే ఒక హైదరాబాద్ వ్యాపారికి ఫోన్ చేశాను. "ఉంది అన్నా, కంపెనీ కండిషన్" అన్నాడు. ఫోటో పెట్టాడు. నేను 18,000 కొట్టాను. పార్శిల్ విప్పి చూస్తే బెల్టు బకిల్ బిగించే చోటు డోరు పక్కకు ఉంది! మన బండ్లకు అది బండి మధ్య వైపు ఉండాలి. అంటే అది ఎడమ స్టీరింగు బండి డ్రైవర్ సీటుది. ఫోటో తిరగేసి తీస్తే నేనూ గమనించలేదు, అది నా గుడ్డితనం. కానీ ఆ మనిషి ఏమన్నాడో వినండి. "ఇటు పక్క రంధ్రం కొట్టి బకిల్ బిగించుకో అన్నా, ఎవరికి తెలుస్తది?" ఆ తర్వాత ఫోన్ ఎత్తలేదు. పోయిన డబ్బు ఒక ఎత్తు, నన్ను అలాంటి పని చేసేవాణ్ణి అనుకోవడం ఇంకో ఎత్తు.

ఇక్కడ సారు ఒక దారి చూపించాడు. సీటును తనకు సరిపోయే చోట పెట్టి వెల్డింగ్ కొట్టెయ్యమన్నాడు. ఒక్క గంట పని. పాత జీపులకు నేను కొట్టినవే బోలెడు. కానీ వాటిలో బెల్టు సీటుకు బిగించి లేదు. ఈ బండిలో బకిల్ సీటు ఫ్రేముకే ఉంది. గుద్దుకుంటే బెల్టు మీద పడే బలంలో చాలాభాగం బకిల్ మీంచి రెయిల్ మీదే పడుతుంది. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఉక్కు గుణం మారుతుంది. పైకి గట్టిగానే కనిపిస్తుంది, లోపల ఎంత మిగిలిందో నేను చెప్పలేను. ఐదు రోజులు ఇదే టెన్షన్. రెండుసార్లు సారుకు సరేనని చెప్పి, తెల్లారి వద్దన్నాను. ఒక రోజు వెల్డింగ్ మిషన్ కారు దాకా లాక్కొచ్చి మళ్లీ లోపల పెట్టాను, షెడ్డులో పనిచేసే మా పిల్లలు మొహాలు చూసుకున్నారు. ఆ సాయంత్రం సారు వాళ్లమ్మాయి వచ్చింది, బండి ఎప్పుడిస్తారని. తనూ అదే కారు నడుపుతుందట. సీటు ముందుకు రాకపోతే ఆ అమ్మాయికి బ్రేకు అందదు. అంతే, మిషన్ మళ్లీ బయటకు రాలేదు.

కొత్త రెయిల్ సెట్టు షోరూములో ఆర్డర్ పెడితే ఐదు వారాలకు వచ్చింది. ధర 46,000. సారు 30,000 ఇచ్చాడు, మిగతాది నేను వేసుకున్నాను. ఇంట్లో ఈ లెక్క ఇంకా తెగలేదు. సీటు మాత్రం ఇప్పుడు చప్పుడు చేయడం లేదు.

ఇక నుంచి సీటు దించి చూడకుండా ధర చెప్పను. దించి చూసినందుకు 800, పని చేయించుకుంటే బిల్లులో తీసేస్తా. పాత రెయిళ్లు ఎవరు తెచ్చినా బిగించను. వెల్డింగ్ కావాలంటే గడియారం సెంటర్ దాకా పోయేలోపే కొట్టేవాళ్లు దొరుకుతారు, నన్ను మొహమాటపెట్టొద్దు. స్విచ్చులు, మోటార్లు, కేబుళ్ల పని ఎప్పటిలాగే.

ఆ తప్పుడు రెయిల్ సెట్టు షెడ్డు గోడకు వేలాడుతోంది. ఎవరి దగ్గరైనా ఎడమ స్టీరింగు బండి ఉంటే చెప్పండి. 18,000కే ఇస్తా, రూపాయి తగ్గను.